సౌర తుఫానుకు కాపలా కాస్తారా?

2024 మే 10న సూర్యుడి నుంచి వరసగా వచ్చిన విస్ఫోటాలు భూమిని తాకాయి. 2003 తర్వాత అంత బలమైన సౌర తుఫాను అదే. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. అమెరికాలో జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు సాళ్లు తప్పడంతో కొందరు రైతులు విత్తడం ఆపేశారు. మన ఆకివీడు వైపు పొలాల్లో మందు కొట్టే డ్రోన్లకూ దారి చూపేది ఇలాంటి ఉపగ్రహ సంకేతాలే. కాబట్టి ఇదేదో మనకు సంబంధం లేని సంగతి అనుకోకండి.

ఎలా పసిగడతారు?

సూర్యుడు ఒక్కోసారి వందల కోట్ల టన్నుల ప్లాస్మాను విసిరేస్తాడు. దీన్ని కరోనల్ మాస్ ఎజెక్షన్ అంటారు, పొట్టిగా సీఎంఈ. సూర్యబింబాన్ని చిన్న పళ్లెంతో కప్పేసి చుట్టూ ఉన్న కరోనాను ఫొటో తీసే పరికరం కరోనాగ్రాఫ్. వరస ఫొటోల్లో మేఘం ఎంత జరిగిందో కొలిస్తే వేగం తెలుస్తుంది. సెకనుకు 1000 కిలోమీటర్లయితే, 15 కోట్ల కిలోమీటర్ల దూరం దాటడానికి సుమారు 42 గంటలు. ఇది ఇంటర్ లెక్కే!

అసలు చిక్కు వేరే ఉంది. మేఘంలోని అయస్కాంత క్షేత్రం దక్షిణం వైపు తిరిగి ఉంటేనే భూమికి దెబ్బ గట్టిగా తగులుతుంది. ఆ దిశ కచ్చితంగా తెలిసేది మేఘం ఎల్1 బిందువు దాటేటప్పుడే. అది మనకు 15 లక్షల కిలోమీటర్ల దూరం. సెకనుకు 800 కిలోమీటర్ల వేగంతో వస్తే చేతిలో మిగిలేది అరగంట. 1989 మార్చిలో కెనడాలోని క్యూబెక్‌లో ఇలాంటి తుఫానుకే గ్రిడ్ కుప్పకూలి 60 లక్షల మంది చీకట్లో ఉండిపోయారు. అరగంటను ఒక రోజుగా మార్చగలిగేవాళ్ల కోసం ఈ రంగం ఎదురుచూస్తోంది.

మనవాళ్లెక్కడ?

శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న ఆ బిందువు చుట్టూ కక్ష్యలో చేరింది. అందులో ఏడు పరికరాలున్నాయి. కరోనాగ్రాఫ్‌ను బెంగళూరులోని ఐఐఏ తయారుచేసింది. తిరుపతి దగ్గర గాదంకిలోని ఎన్‌ఏఆర్‌ఎల్ రాడార్లతో అయనోస్ఫియర్‌ను పరిశీలిస్తుంది.

దారి ఇదీ

బీఎస్సీ ఫిజిక్స్ వాళ్లు జామ్ రాసి ఎమ్మెస్సీకి, తర్వాత జెస్ట్, నెట్ లేదా గేట్‌తో పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. బీటెక్ వాళ్లకు ఇస్రో నియామకాలున్నాయి. ఇంటర్ వాళ్లయితే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీలో చేరొచ్చు. ఒక్క మాట: ఇక్కడ కొలువులు వేలల్లో ఉండవు, పోటీ గట్టిగానే ఉంటుంది. అయితే దీనికోసం నేర్చుకున్న పైథాన్, ఇమేజ్ ప్రాసెసింగ్, డేటా విశ్లేషణ ఐటీలోనూ అన్నం పెడతాయి.

ఈ వారమే మొదలుపెట్టాలంటే సన్‌పై అనే ఉచిత పైథాన్ లైబ్రరీ చాలు. ఆదిత్య డేటా ఇస్రో వారి ప్రదాన్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతుంది. 2024 మే నాటి ఒక సీఎంఈని ఎంచుకోండి. వేగం కొలిచి, అది ఎప్పుడు చేరాలో లెక్కకట్టి, నిజంగా చేరిన సమయంతో పోల్చండి. తేడా ఎందుకొచ్చిందో రెండు పేజీల్లో రాస్తే, సమ్మర్ ఇంటర్న్‌షిప్ దరఖాస్తులో చూపించడానికి మీకంటూ ఒక ప్రాజెక్టు ఉన్నట్టే.