భుజం మొద్దుబారి ఉండగానే మాత్ర వేసుకోండి

భుజం ఆపరేషన్‌కి వచ్చినవాళ్లు మత్తు డాక్టరునైన నన్ను ముందుగా అడిగేది, "మళ్లీ మెలకువ వస్తుంది కదా?" అనే. ఆ రాత్రి నొప్పి సంగతి అడిగేవాళ్లు తక్కువ. నా దిగులంతా ఆ రాత్రి గురించే. తెగిన రొటేటర్ కఫ్‌ను (భుజం కీలును పట్టి ఉంచే స్నాయువులను) కుట్టిన భుజం పడుకుంటే మరీ సలుపుతుంది.

అందుకే మెడ పక్కన ఓ సూది వేస్తాం. భుజానికీ చేతికీ వెళ్లే నరాల గుత్తి అక్కడ రెండు స్కేలీన్ కండరాల సందులోంచి దిగుతుంది. ఆ సందులో మందు ఎక్కించే పద్ధతిని 1970లో అమెరికన్ వైద్యుడు ఆలన్ విన్నీ వివరించారు. అప్పట్లో వేలితో తడిమి చోటు వెతికేవారు. చెయ్యి జివ్వుమంటే దొరికినట్టు. ఇప్పుడు అల్ట్రాసౌండ్ తెర మీద నరాలు నల్లటి చుక్కల్లా ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. వాటి పక్కన బుపివకైన్‌గానీ రోపివకైన్‌గానీ వదులుతాం. నొప్పి కబురు మెదడుకి చేరదు.

ఊపిరికి ముఖ్యమైన డయాఫ్రమ్‌ను ఆడించే నరం కూడా ఆ దాపునే ఉంది. మామూలు మోతాదు ఇస్తే దాదాపు అందరికీ ఆ వైపు డయాఫ్రమ్ కొన్ని గంటలు బలహీనపడుతుంది. ఆరోగ్యవంతులకు తెలియను కూడా తెలియదు. ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ఆయాసం రావచ్చు. ముందే చెబితే మందు తగ్గిస్తాం, లేదా భుజం వెనక నరానికి ఇస్తాం. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా దాచకండి. కనురెప్ప వాలినా, గొంతు బొంగురుపోయినా కంగారు వద్దు. మందు దిగాక సర్దుకుంటాయి.

సాధారణంగా ఈ సూది వల్ల వచ్చే తిమ్మిరి 12 నుంచి 18 గంటలు ఉంటుంది. పొద్దున ఆపరేషన్ అయితే, అందరూ నిద్రపోయే వేళకి దిగుతుంది. అప్పుడు నొప్పి ఒక్కసారిగా మీదపడుతుంది. అందుకే నొప్పి మాత్ర ముందే వేసుకోమంటాం. "నొప్పే లేదుగా డాక్టరుగారూ, మాత్ర దేనికి?" అంటారు. వేడి చేస్తుందనీ, కిడ్నీలు పాడవుతాయనీ ఇంట్లోవాళ్లు ఆపేస్తారు. కిడ్నీ జబ్బుంటే మాకు చెప్పండి, తగిన మందే రాస్తాం. రాసిన మాత్ర మాత్రం తిమ్మిరి ఉండగానే, వేళకి పడాలి. రాత్రి మోతాదుకి అలారం పెట్టుకోండి.

మొద్దుబారిన చేతికి వేడి తెలియదు, దెబ్బా తెలియదు. స్లింగ్‌లోనే ఉంచండి. ఆయాసం వచ్చినా, మర్నాటికీ తిమ్మిరి వదలకపోయినా వెంటనే ఫోన్ చెయ్యండి. పళ్లబిగువున ఓర్చుకోవాల్సిన పని లేదు. నొప్పి అదుపులో ఉన్నవాళ్లే డాక్టరు చెప్పిన వ్యాయామాలు భయపడకుండా మొదలుపెడతారు.