ఇంట బొగ్గులు చేసికొను విధము

గ్రామపెద్దలారా,

సంస్కృతమున అంగారశబ్దము మండుచున్న బొగ్గునకును, ఆరిన బొగ్గునకును గూడ చెల్లును. కట్టె గాలిలో పూర్తిగా కాలినచో బూడిద మిగులును. గాలి చాలక లోలోపల మగ్గినచో బొగ్గు మిగులును. ఈ భేద మెరిగినవారికి బొగ్గు చేయుట కష్టము కాదు.

కట్టె వేడెక్కగా మొదట నందలి తేమ ఆవిరియై పోవును. వేడి సుమారు 280 డిగ్రీలు దాటిన పిమ్మట కట్టె తనంత విడివడి పొగను, కీలును విడుచును. మిగిలినదే బొగ్గు.

ఇందులకు 200 లీటర్ల పాత ఇనుప పీపా యొకటి చాలును. పురుగుమందులు నిలువచేసినది పనికిరాదు. దాని పైభాగమును కోయించి, అడుగున రెండు వ్రేళ్ళు దూరునంతటి రంధ్రములు ఐదారు వేయించి, మూడు రాళ్ళపై నిలుపవలెను. మూతకొక ఇనుపరేకు ఉండవలెను.

బొగ్గునకై మంచి చెట్టును నరుకనక్కరలేదు. మన బీళ్ళలో దట్టముగ పెరిగిన సర్కారుతుమ్మయే మేలైనది, కొబ్బరిచిప్పలును మంచివే. మణికట్టు లావునకు మించని ఎండుకట్టెలను జానెడేసి ముక్కలు చేయవలెను.

గడ్డివాములకు దూరముగ, ఆరుబయట, గాలి లేని వేళ పీపా అడుగున చిదుగులు వెలిగించి, మంట నిలిచినకొలది ముక్కలు వేయుచు నింపి, కొంచెము సందు విడిచి మూత వేయవలెను. మొదట వచ్చు దట్టమైన తెల్లని పొగ తేమకు గుర్తు. పిదప నది పసుపువన్నెకు తిరిగి, తుదకు పలుచని నీలివన్నె దాల్చును. అదియే మూయుటకు సమయము. కఱ్ఱతో రాళ్ళను తొలగించి, పీపాను నేలకు దింపి, అడుగుచుట్టును మూతచుట్టును తడిమట్టి మెత్తవలెను. చేతికి చల్లగా తగులువరకు తెరువరాదు. తెరచినచో గాలి సోకి బొగ్గు రాజుకొనును. దగ్గర నీళ్ళుంచుకొనుట మంచిది.

పది కిలోల ఎండుకట్టెకు రెండు కిలోల బొగ్గు వచ్చినచో పని చక్కగా జరిగినట్లే. మంచి బొగ్గు తట్టినచో ఖంగుమనును. కాల్చినపుడు పొగ చిమ్మునది సరిగా మగ్గనిది.

తుద నొక ముఖ్యవిషయము. బొగ్గునిప్పునుండి కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, కండ్లను మండింపదు, నిద్రించువారిని మేల్కొననీయకయే చంపగలదు. చలికాలమున బాలింతగదిలో కుంపటి పెట్టి తలుపులు బిగించు వాడుక కొన్ని యిండ్లలో కలదు. పొగ లేదు గనుక అపాయము లేదని తలపరాదు. తలుపులు తెరచియుంచుడని, నిద్రకు ముందు కుంపటిని వెలుపల పెట్టుడని ఇంటివారికి చెప్పవలసినవారు మీరే. పెద్దల నోట వచ్చిన మాటకు ఇంట మన్నన యెక్కువ.