పాత కార్లలో స్పీడోమీటర్ కేబుల్ మార్చడం

అంబాసిడర్ వంటి పాత కార్లలో గేర్‌బాక్స్ నుంచి మీటరు దాకా, తొడుగు లోపల ఉక్కు కేబుల్ తిరుగుతూ ఉంటుంది. అది మీటరులోని అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ ప్రభావంతో అల్యూమినియం గిన్నె, సన్నని స్ప్రింగు లాగుతున్నా కొంత తిరిగి, ముల్లును కదిలిస్తుంది.

లోపాన్ని గుర్తించడం: ముల్లు వణుకుతుంటే గ్రీజు ఎండిపోయి ఉండవచ్చు. ముల్లు, కిలోమీటర్ల అంకెలు రెండూ ఆగిపోతే సాధారణంగా కేబుల్ తెగినట్లే. అంకెలు తిరుగుతూ ముల్లు మాత్రమే ఆగితే లోపం మీటరులోనే ఉంది. కేబుల్ మార్చినా ప్రయోజనం ఉండదు.

మార్చే విధానం: కారును చదునైన నేలపై నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి వెళ్లకండి. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. రెండు చివర్ల నట్లు విప్పి, కేబుల్ వెళ్లిన దారిని గమనిస్తూ తీయండి. కొత్త కేబుల్‌కు గ్రీజు పలుచగా రాయండి. మీటరు వైపు చివర రాయకండి. గ్రీజు మీటరులోకి చేరితే అది చెడిపోతుంది.

గుర్తుంచుకోండి: కొత్తది బిగించేముందు పాతది ఎందుకు తెగిందో తెలుసుకోండి. పాత కేబుల్ చివరి ముక్కను మీటరులో పెట్టి వేళ్లతో తిప్పండి. మీటరు బిగుసుకుపోయి ఉన్నా, దారిలో కేబుల్ మరీ వంగినా కొత్తదీ తెగుతుంది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి: కొత్త కేబుల్ వారంలోనే తెగితే ఏ రెండు అంశాలను మొదట పరిశీలిస్తారు?