స్పానిష్ పలకడానికి మన నోరు చాలు



అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రాన మన తెలుగువాళ్ళు చాలామంది కాపురముంటున్న ఊరొకటుంది. ఇంగ్లీషు అక్షరాలు చూసి మనం దాన్ని ‘శాన్ జోస్’ అని చదువుతాం. అక్కడివాళ్ళు ‘శాన్ హోసే’ అంటారు. 1777లో స్పెయిన్ వాళ్ళు పెట్టిన ఊరది, పేరూ వాళ్ళదే. ఆ భాషలో ‘జె’ అక్షరం జ పలకదు, గొంతులోంచి వచ్చే హ పలుకుతుంది.

కూతురి పురిటికో, కోడలి పురిటికో వెళ్ళి ఆరేసి నెలలు అక్కడుండి వచ్చే తల్లులు మన వైపునా ఉన్నారు. పక్కింటావిడ స్పానిష్ మనిషైతే, “నాకు ఇంగ్లీషే సరిగా రాదు, మళ్ళీ ఇదొకటా!” అని తలుపు చాటునే ఉండిపోతారు. ఇంగ్లీషు రాకపోవడం దీనికి అడ్డు కాదండీ. ఒక విధంగా మేలే.

ఇంగ్లీషు వాళ్ళు స్పానిష్ నేర్చుకోబోతే ముందు అచ్చుల దగ్గరే చిక్కు. ‘నో’ అన్నప్పుడు వాళ్ళ ఓ చివర ఉకారం జారుతుంది. స్పానిష్‌లో అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎక్కడ రాసినా పలుకు మారదు, మన గుణింతంలాగే. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని ‘పప్పు’ అనండి. గాలి తగలదు. ఇంగ్లీషు వాళ్ళు ‘పెన్’ అంటే తగులుతుంది. స్పానిష్ ప మన పప్పులో ప. త, ద కూడా మనవే. టమాటా వాళ్ళకి ‘తొమాతె’. ఇంగ్లీషు అలవాటుకొద్దీ ‘టొమాటె’ అన్నామా, ఉన్న వాటం చెడగొట్టుకున్నట్టే.

ఇక ర సంగతి. ‘పెరొ’ అంటే ‘కానీ’ అని, ‘పెర్రొ’ అంటే కుక్క అని అర్థం. ఇంగ్లీషు వాళ్ళ రకి నాలుక పైన తగలదు. కుక్కకీ కానీకీ తేడా తేవడానికి పాపం నెలల తరబడి తంటాలు పడతారు. గొర్రె, కర్ర, బుర్ర అనే నోటికి అదెంత పని?

మన పల్లెల్లో ముసలమ్మలు ‘ఇస్కూలు’, ‘ఇస్టేషను’ అంటే పిల్లలు నవ్వుతారు కదా. స్పానిష్‌లో మాట మొదట స, దాని వెంటనే మరో హల్లు వస్తే ముందొక ఎ చేర్చడం భాషా ధర్మం. బడి ‘ఎస్క్వేలా’, స్టేషను ‘ఎస్తసియోన్’, స్పెయిన్ దేశం ‘ఎస్పాన్యా’. అక్కడ రాజులూ పండితులూ కూడా అలాగే అంటారు మరి!

రెండు ‘ఎల్’లు పక్కపక్కన వస్తే చాలాచోట్ల య పలుకుతారు. ఇంగ్లీషు అక్షరాల్లో మా నెల్లిమర్ల పేరు చూస్తే వాళ్ళకది ‘నెయిమార్ల’. జామి ‘హామి’. ‘వి’కీ ‘బి’కీ తేడా లేదు గనక విజయనగరం ‘బి’తో మొదలవుతుంది. అనంతపురంలో 1969 నుంచి 2009లో కన్నుమూసేదాకా పేదల కోసం పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్ గారు బార్సిలోనాలో పుట్టినవారు. ఆయన పేరు స్పెయిన్‌లో ‘బిథెంతె ఫెర్రేర్’. ఆ థ మన కథలో థ కాదు, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టి గాలి వదలాలి. మెక్సికో వాళ్ళకి అదీ లేదు, ‘బిసెంతె’ అనేస్తారు.

మనం తడబడేది ఒక్కచోట, ఊనిక దగ్గర. మెక్సికో వైపు ‘పా’ మీద ఊని ‘పాప’ అంటే బంగాళాదుంప. చివర ఊని ‘పపా’ అంటే నాన్న. మనవరాలిని మీరు “పాపా!” అని పిలిస్తే పక్కింటావిడ దుంపలు కావాలేమో అనుకుంటుంది! అచ్చుతో గాని, న, స లతో గాని ముగిసే మాటకి చివరి దానికి ముందు అక్షరం మీద ఊనాలి. మిగతావాటికి చివర ఊనాలి. దీనికి లొంగని మాటలకి అచ్చు నెత్తిన చిన్న గీత పెట్టి చూపిస్తారు.

వెళ్ళేవాళ్ళు ఈ నాలుగు మాటలూ తెలుగులోనే రాసుకోండి. ‘ఓలా’ పలకరింపు. రాతలో ముందు ‘హెచ్’ ఉంటుంది గాని పలకదు. ‘గ్రాసియాస్’ కృతజ్ఞత. కూతురు ‘ఈహ’, మనవరాలు ‘నియేత’, మనవడు ‘నియేతొ’. పక్కింటావిడ మీకన్న పెద్దదైతే ‘సెన్యోరా’ అనండి, మనం అమ్మగారూ అన్నట్టు.