నారోబోట్‌లో ఒక రోజు: అంత నిదానం ఎందుకు?

ఇవాళ్టి టాపిక్ ఇంగ్లండ్‌లో నారోబోట్. సన్నగా, పొడుగ్గా, లోపల కిచెను, బెడ్డు, టాయిలెట్ అన్నీ ఉండే పడవ. రీల్స్‌లో చూసే ఉంటారు. ఒక చేతిలో టీ కప్పు, ఇంకో చేతిలో చుక్కాని. అబ్బా, ఏం లైఫ్ రా అనిపిస్తుంది కదా? కానీ ఆ నిదానం వెనకాల చాలా లెక్క ఉంది.

ముందు సైజు సంగతి. వెడల్పు సుమారు 7 అడుగులే, పొడవు మాత్రం 70 అడుగుల దాకా ఉండొచ్చు. 1760ల్లో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజినీరు కాలువలు తవ్వించినప్పుడు చాలా చోట్ల లాకుల్ని ఇరుగ్గా ప్లాన్ చేశారు. అందులో పట్టాలి కాబట్టి పడవలూ సన్నబడ్డాయి. అప్పట్లో గట్టు మీద నడిచే గుర్రం వీటిని లాగేది.

లాకు అంటే ఏంటో గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు, కాటన్ దొర కాలువల మీద లాకులు చూసే ఉంటారు. మిగతా వాళ్ళకి: రెండు వైపులా గేట్లున్న నీళ్ళ గది. నీళ్ళు నింపితే పడవ పైకి, వదిలితే కిందికి. సింపుల్‌గా పడవల లిఫ్టు.

ఇప్పుడు ఒక రూట్ తీసుకుందాం. థేమ్స్ నది మీద ఆక్స్‌ఫర్డ్ నుంచి ఆబింగ్డన్. కారులో అరగంట పని. పడవలో దాదాపు సగం రోజు. దారిలో ఇఫ్లీ, శాండ్‌ఫర్డ్, ఆబింగ్డన్ అని మూడు లాకులు వస్తాయి. అక్కడ స్పీడు లిమిట్ గంటకి 8 కిలోమీటర్లు. అంటే చురుగ్గా నడిచే మనిషి స్పీడు కంటే కొంచెం ఎక్కువ.

ఎందుకంత తక్కువ? స్పీడు పెంచితే వెనకాల అల లేస్తుంది. ఆ అల గట్టుని కోసేస్తుంది, ఒడ్డున కట్టేసిన పడవల్ని కుదిపేస్తుంది. ఆ పడవలో ఎవరో పొయ్యి మీద వేణ్ణీళ్ళు పెట్టుకుని ఉండొచ్చు! పైగా దీనికి బ్రేకులుండవు. ఆపాలంటే రివర్స్ గేరే. చుక్కాని కర్ర ఎడమకి తోస్తే ముక్కు కుడికి తిరుగుతుంది, అదీ కాసేపాగి. మన భాషలో లేటెన్సీ అన్నమాట. ఇంకోటి, రోడ్డు మీద ఎడమవైపు నడిపే దేశంలో నది మీద మాత్రం కుడివైపు వెళ్ళాలి.

లాకులో దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. పై గేటు కింద సిల్ అని ఒక గట్టు ఉంటుంది. నీళ్ళు దిగుతుంటే పడవ వెనక భాగం దాని మీద ఆగిపోతే, ముందు భాగం కిందికి పోయి పడవ మునగొచ్చు. అందుకే గోడ మీద గీసిన గుర్తుకి ముందే ఉండాలి. తాడుని గుంజకి చుట్టి చేత్తో పట్టుకుని వదులుతూ ఉండాలి, ముడి మాత్రం వెయ్యకూడదు.

ఆఖరిది, చాలా ఇంపార్టెంట్. కాలువలో నీళ్ళు దాదాపు కదలవు, నదిలో ప్రవాహం ఉంటుంది. ప్రతి లాకు పక్కనా నీళ్ళు దూకే ఆనకట్ట ఉంటుంది. శాండ్‌ఫర్డ్ దగ్గర అలాంటి చోటే మునిగి చనిపోయిన ఐదుగురు ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల పేర్లతో రాతి స్తంభం ఉంది. చివరి ఇద్దరూ 1921లో పోయారు. వానలు పడి ప్రవాహం పెరుగుతుంటే లాకుల దగ్గర పసుపు బోర్డు పెడతారు, మరీ ఎక్కువైతే ఎర్ర బోర్డు. ఎర్ర బోర్డు చూశారా, ఇంజిన్ ఆపి, పడవ కట్టేసి, టీ పెట్టుకోండి. బుకింగ్ డబ్బులు పోయినా పర్లేదు, నీళ్ళతో బేరాలు వద్దు.

సో, రీల్‌లో కనిపించే ఆ తీరిక ఊరికే రాదు. టైమ్‌టేబుల్ లేకుండా బయల్దేరిన వాళ్ళకే అది దొరుకుతుంది. మీ ఊరి దగ్గర పాత లాకులుంటే కామెంట్లో చెప్పండి. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం, బై!