ట్రాక్ సా: బలం మోటారుది, సూటిదనం పట్టాది

1919లో సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టిన సందర్భంలో అప్పటి వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్, మొదటి ప్రపంచ యుద్ధంలో టాటా కర్మాగారం అందించిన ఉక్కు పట్టాల సాయాన్ని ప్రస్తావించారు. రైలు పట్టా బండికి బలం ఇవ్వదు, దారి మాత్రమే ఇస్తుంది. ఇంజిన్ ఎంత పెద్దదైనా పట్టా వంకరగా ఉంటే బండీ వంకరగానే వెళుతుంది. అదే ఊరిలో ఇప్పుడు కద్మాలోనో సోనారీలోనో ఇంటి వరండాలో ప్లైవుడ్ కోసి పుస్తకాల అర చేసుకోవాలనుకునేవారికి కూడా ఈ సూత్రమే పనికొస్తుంది. ఇంట్లో వడ్రంగం చేసేవారు ఇటీవల ఎక్కువగా ఆరా తీస్తున్న 'ట్రాక్ సా' పనిచేసేది దీని మీదే. బడ్జెట్ తక్కువైనప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తగ్గించుకోవచ్చో కూడా ఈ సూత్రమే చెబుతుంది.

షీటు కాదు, రంపమే కదలాలి

ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, 18 మి.మీ. మందం ఉన్న ప్లైవుడ్ షీటు బరువు సుమారు 32 నుంచి 35 కిలోలు. కార్ఖానాల్లో ఉండే బల్ల రంపం మీద ఈ షీటును నెట్టుతూ కోయాలంటే ముందూ వెనకా చాలా చోటు కావాలి, పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. చేతితో పట్టుకునే మామూలు సర్క్యులర్ సాకు అంత చోటు అక్కర్లేదు. అయితే గీసిన గీత వెంబడి దాన్ని నడపడం చేతి నేర్పు మీద ఆధారపడుతుంది. నాలుగడుగుల కోతలో రెండు మూడు మి.మీ. అటూఇటూ పోవడం కొత్తవారికి మామూలే. అలా కోసిన రెండు పలకలను పక్కపక్కన నిలబెట్టి అర బిగిస్తే సందులు కనిపిస్తాయి.

ట్రాక్ సా ఈ రెండు ఇబ్బందులనూ తప్పిస్తుంది. షీటును నేల మీద రెండు మూడు పాత చెక్కముక్కలపై పరచి, కోయాల్సిన గీత మీద అల్యూమినియం పట్టా పెడతారు. రంపం అడుగున ఉన్న గాడి, పట్టా మీద ఉన్న గట్టును పట్టుకుని జారుతుంది. బ్లేడు ఒక గూటిలో దాగి ఉంటుంది. మీట నొక్కి కిందికి దించినప్పుడే అది చెక్కలోకి దిగుతుంది. 1960వ దశకంలో జర్మనీకి చెందిన ఫెస్టో సంస్థ చేతి రంపాలకు ఇలాంటి పట్టాను జోడించింది. ఇప్పుడు అనేక కంపెనీలు చవక రకాలను కూడా తయారు చేస్తున్నాయి.

పట్టా సూటిగా ఉందా?

కోత ఎంత సూటిగా వస్తుందో నిర్ణయించేది పట్టా అంచు, దాన్ని రంపం పట్టుకునే తీరు. కాబట్టి వాట్ల సంఖ్య చూసేముందు పట్టాను పరీక్షించాలి. దీనికి ఖరీదైన పరికరమేమీ అవసరం లేదు. పట్టాను ఒక పలక మీద పెట్టి అంచు వెంబడి సన్నని పెన్సిల్ గీత గీయాలి. గీత రెండు కొసల దగ్గర చుక్కలు పెట్టుకోవాలి. తరువాత పట్టాను పలక మీదే సగం చుట్టు తిప్పి, అదే అంచు గీతకు అవతలి వైపు నుంచి ఆ రెండు చుక్కలను తాకేలా అమర్చి మళ్లీ గీయాలి. రెండు గీతలూ ఒకదానిపై ఒకటి పడితే అంచుకు వంపు లేనట్టే. మధ్యలో ఖాళీ కనిపిస్తే, అసలు వంపు ఆ ఖాళీలో సగం. తిప్పి కొలిచే ఈ పద్ధతి లోపాన్ని రెట్టింపు చేసి చూపిస్తుంది. కొలత శాస్త్రంలో కూడా ఇది నమ్మకమైన పద్ధతే.

రెండో పరీక్ష, రంపాన్ని పట్టా మీద పెట్టి పక్కలకు కదిలించి చూడటం. గాడికీ గట్టుకూ మధ్య సందు ఉంటే రంపం ఊగుతుంది, కోత కూడా ఊగుతుంది. మంచి రంపాలకు ఈ సందును బిగించే మరలు ఉంటాయి. చవక రంపానికి అవి ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోవాలి.

చవక కిట్లలో చాలాసార్లు 700 మి.మీ. పట్టాలు రెండు ఇచ్చి, కలపడానికి చిన్న కడ్డీలు ఇస్తారు. కలిపితే 1,400 మి.మీ. వస్తుంది. షీటును అడ్డంగా, అంటే 1,220 మి.మీ. కోయడానికి అది సరిపోతుంది. నిలువుగా 2,440 మి.మీ. కోయడానికి చాలదు. అతుకు దగ్గర మరో చిక్కు ఉంది. కలిపే కడ్డీ 100 మి.మీ. పొడవులో 0.1 మి.మీ. పక్కకు ఒరిగినా, రెండో పట్టా చివర, అంటే 700 మి.మీ. దూరంలో, ఆ తేడా 0.7 మి.మీ. అవుతుంది. అందువల్ల రెండు ముక్కల కన్నా ఒకే 1,400 మి.మీ. పట్టా మేలు. పొడవాటి కోతలు మాత్రం ప్లైవుడ్ కొన్న చోటే కోయించుకుంటే ఖర్చు తగ్గుతుంది.

జంషెడ్‌పూర్ ఎండలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. పట్టా అంతా ఒకేలా వేడెక్కితే పొడవు కాస్త పెరుగుతుంది, సూటిదనం మారదు. ఒక అంచు ఎండలో, మరో అంచు నీడలో ఉండి రెండింటి మధ్య 5 డిగ్రీల తేడా వస్తే, 200 మి.మీ. వెడల్పున్న 1,400 మి.మీ. పట్టా నడుమ సుమారు 0.14 మి.మీ. వంగుతుంది. ఇది చిన్న తేడాయే. అయినా పట్టాను ఎండకు వదిలేయకుండా పూర్తిగా నీడలో ఉంచి పని చేయడం మంచి అలవాటు.

పళ్ల లెక్క

165 మి.మీ. వ్యాసమున్న బ్లేడు నిమిషానికి 5,000 సార్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 43 మీటర్లు, అంటే గంటకు సుమారు 155 కి.మీ. కీనన్ స్టేడియంలో ఫాస్ట్ బౌలర్ వేసే బంతి వేగం సాధారణంగా ఇంత ఉండదు. బ్లేడుకు 48 పళ్లు ఉండి, రంపాన్ని నిమిషానికి 3 మీటర్ల చొప్పున నెట్టితే, ఒక్కో పన్ను కోసేది 0.0125 మి.మీ. మాత్రమే. 24 పళ్ల బ్లేడైతే అది రెట్టింపు అవుతుంది. పన్ను తక్కువ తక్కువగా కోస్తే అంచు నునుపుగా వస్తుంది. మరీ నెమ్మదిగా నెట్టితే మాత్రం పన్ను కోయడం మానేసి రాసుకుంటుంది, చెక్క కమిలి నల్లబడుతుంది. ప్లైవుడ్‌కు, సన్‌మైకా అంటించిన పలకలకు 48 పళ్ల బ్లేడు తగినది. చవక రంపంతో వచ్చే బ్లేడుకు తరచూ 24 పళ్లే ఉంటాయి. అలాంటప్పుడు రంపాన్ని మార్చక్కర్లేదు, బ్లేడు మార్చితే చాలు.

పళ్లను టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేస్తారు. బ్లేడు పలక ఉక్కుది. ప్లైవుడ్ పొరల మధ్య ఉండే జిగురు గట్టిపడి రాపిడి కలిగిస్తుంది కాబట్టి ఉత్త ఉక్కు పళ్లు త్వరగా మొద్దుబారతాయి. కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో కలిపి, అచ్చులో నొక్కి, వేడితో ముద్దగట్టించే పద్ధతికి 1923లో జర్మనీలో పేటెంట్ తీసుకున్నారు. మార్కెట్లోకి 'వజ్రంలా' అనే అర్థం వచ్చే జర్మన్ మాటలను కుదించిన 'విడియా' పేరుతో వచ్చింది. ఆ పేరు నేటికీ మన మెషీన్ షాపుల్లో వినిపిస్తుంది. కొనే రంపానికి బ్లేడు వ్యాసం, మధ్య రంధ్రం కొలత మామూలుగా దొరికేవేనా అన్నది కూడా చూడాలి. మారు బ్లేడు సాక్చి, బిష్టుపూర్ బజార్లలో దొరుకుతుందో లేదో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

పళ్లు చెక్కను కింది నుంచి పైకి కోస్తాయి. అందుకే పైముఖం మీద పెచ్చులు లేస్తాయి. పట్టా అంచున ఉండే రబ్బరు పట్టీ గీత పక్కనే చెక్క నారను నొక్కి ఉంచి దీన్ని ఆపుతుంది. వాడుకోవాల్సిన ముక్క పట్టా కింద ఉండాలని చెప్పేది ఇందుకే.

రంపం వెనక్కి తన్నినప్పుడు

బ్లేడు కింది భాగం ముందుకు కదులుతూ ఉంటుంది. కోస్తున్న షీటు నడుమ కుంగితే కోత సందు మూసుకుపోయి బ్లేడును పట్టేస్తుంది. అప్పుడు న్యూటన్ మూడో నియమం ప్రకారం చెక్క, రంపాన్ని మనిషి వైపు తోస్తుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. వేళ్లు తెగే ప్రమాదాలకు ఇదొక ప్రధాన కారణం. బ్లేడు వెనక నిలిచే సన్నని ఇనుప రేకు, అంటే రైవింగ్ నైఫ్, కోత సందు మూసుకుపోకుండా చూస్తుంది. కొన్ని చవక రంపాలకు ఇది ఉండదు. లేని రంపాన్ని ధర తక్కువని కొనకూడదు. ఉన్నా సరే, షీటును కోత గీతకు రెండు పక్కలా ఆనించి ఉంచాలి. బ్లేడును చెక్క మందం కన్నా రెండు మూడు మి.మీ. మాత్రమే లోతుకు దించాలి. పట్టా మందం సుమారు 5 మి.మీ.ను రంపం కొలబద్ద ముందే కలుపుకుందో లేదో చూసుకోవాలి. కోసే మనిషి బ్లేడుకు సూటిగా వెనక కాకుండా కాస్త పక్కకు నిలబడాలి.

ఊపిరితిత్తుల లెక్క

2.2 మి.మీ. వెడల్పు కోత, 18 మి.మీ. మందం, 2,440 మి.మీ. పొడవు: ఒక్క కోతకు 97 ఘన సెంటీమీటర్ల చెక్క పొడి అవుతుంది. అది సుమారు 60 గ్రాములు. అందులో కంటికి కనిపించే రంపపు పొట్టు వెంటనే కింద పడుతుంది. కనిపించని సూక్ష్మ రేణువులు గంటల తరబడి గాలిలోనే ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క పొడిని, 2004లో చాలా ప్లైవుడ్ జిగుళ్లలో ఉండే ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగా వర్గీకరించింది. ట్రాక్ సా బ్లేడు గూటిలోనే తిరుగుతుంది కాబట్టి, గూటి గొట్టానికి వ్యాక్యూమ్ క్లీనర్ తగిలిస్తే పొడిలో ఎక్కువ భాగం అక్కడే చిక్కుతుంది. గొట్టం సైజు ఇంట్లో ఉన్న వ్యాక్యూమ్‌కు సరిపోతుందా అన్నది కొనేముందు చూడాలి. వ్యాక్యూమ్ ఉన్నా ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, చెవుల్లో ప్లగ్గులు తప్పనిసరి.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

ఈ లెక్కలన్నీ కలిపితే ప్రాధాన్యాలు తేలుతాయి. మొదట రైవింగ్ నైఫ్, తరువాత ఒకే ముక్కగా ఉన్న సూటి పట్టా, ఆ తరువాత మంచి 48 పళ్ల బ్లేడు, పొడి లాగే ఏర్పాటు. మోటారు వాట్లు చివర. 18 మి.మీ. ప్లైవుడ్‌కు 1,200 వాట్ల మోటారు చాలు. బ్యాటరీ బదులు తీగతో నడిచేది తీసుకుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది. పట్టా ఇతర కంపెనీల రంపాలకు కూడా సరిపడే కొలతదైతే, రేపు రంపం మార్చినా పట్టా మిగులుతుంది.

ఏడాదికి ఒకటి రెండు అరలే చేసుకునేవారికి ట్రాక్ సా అవసరమే లేకపోవచ్చు. రైవింగ్ నైఫ్ ఉన్న మామూలు సర్క్యులర్ సా, పైన చెప్పిన పెన్సిల్ పరీక్షలో నెగ్గిన ఒక అల్యూమినియం చానల్, దాన్ని షీటుకు బిగించే రెండు క్లాంపులు ఉంటే దాదాపు అంత సూటి కోత వస్తుంది. అప్పుడు దారి చూపే పట్టా ఆ చానలే అవుతుంది.