ఫీజు కట్టిన తర్వాత మిగిలే చదువు



గత ఏడాది వార్షిక సమావేశంలో మన దాతల్లో ఒక పెద్దాయన లేచి ఒక మాట అడిగారు. "ఫీజు కడుతున్నాం, హాస్టల్ ఖర్చు ఇస్తున్నాం. డిగ్రీ పూర్తయి విదేశాలకు పోయే పిల్లలకు మళ్ళీ ఇంగ్లీషు క్లాసులని డబ్బు అడుగుతారేంటి మాస్టారూ? ఇంగ్లీషు రాకుండానే ఐఈఎల్‌టీఎస్ గట్టెక్కారా?" అప్పటికే భోజనాల వేళ దాటిపోతోంది. ఏదో రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాం. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఈ సంచికలో రాస్తామని అప్పుడే అనుకున్నాం.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ విషయంలో మేము నేర్చుకున్నదంతా మా పొరపాటు వల్లనే. మా దగ్గర పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయి, తిరుపతిలో డిగ్రీ చేసి, సైకాలజీలో ఎమ్మెస్సీకి ఇంగ్లండు వెళ్ళింది. తండ్రి మామిడి మండీలో కాటా దగ్గర పనిచేస్తాడు. ఐఈఎల్‌టీఎస్‌లో 7 బ్యాండ్ తెచ్చుకుంది. మేమంతా మిఠాయిలు పంచుకున్నాం. అక్కడికి వెళ్ళిన మూడో నెలలో రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఏడ్చింది. మొదటి వ్యాసం రాసి ఇస్తే, కాపీ కొట్టిందని విచారణకు పిలిచారట. "సార్, నేను ఏ పుస్తకమూ ముందు పెట్టుకోలేదు. అంతా గుర్తుంచుకుని రాశాను" అంటుంది. నిజమే చెప్పింది. పుస్తకంలోని వాక్యాలు ఆమెకు కంఠస్థమయ్యాయి, వాటినే పొల్లుపోకుండా దించింది. అలా దించితేనే మేము ఇన్నేళ్ళూ నూటికి తొంభై మార్కులు వేశాం. తప్పు ఆ పిల్లది కాదు.

ఐఈఎల్‌టీఎస్ అంటే ఏమిటో చూద్దాం. వినడం సుమారు అరగంట, చదవడం గంట, రాయడం గంట, మాట్లాడడం పావుగంట లోపు. రాయడంలో రెండే ప్రశ్నలు: ఒకటి 150 మాటలు, ఇంకొకటి 250 మాటలు. ఫీజు దాదాపు 18,000 రూపాయలు, ఫలితం రెండేళ్ళు చెల్లుతుంది. సైకాలజీ కోర్సులకు సాధారణంగా 6.5, కొన్ని చోట్ల 7 అడుగుతారు. ఆ 250 మాటల్లో నీ అభిప్రాయం రాస్తే చాలు, ఎవరు ఏ పరిశోధనలో ఏం చెప్పారో చూపించనక్కర్లేదు. అక్కడికి వెళ్ళాక రాయాల్సిన వ్యాసమో, రెండు మూడు వేల మాటలది. పదిహేను ఇరవై పరిశోధనలు చదివి, వాటిని పక్కపక్కన పెట్టి, ఎక్కడ కలుస్తున్నాయో ఎక్కడ తేడా వస్తోందో తేల్చాలి. ఊరి చెరువులో ఈత వచ్చిందని సముద్రంలో దించినట్టు ఉంటుంది.

పైగా సైకాలజీలో ఇంకో చిక్కుంది. ఫిజిక్సు, కంప్యూటర్ చదివే పిల్లలకు కొత్త మాటలు కొత్తగానే కనిపిస్తాయి, కాబట్టి జాగ్రత్త పడతారు. సైకాలజీలో మాటలన్నీ తెలిసినట్టే ఉంటాయి, అర్థం మాత్రం వేరు. 'సిగ్నిఫికెంట్' అంటే మామూలు ఇంగ్లీషులో ముఖ్యమైనది. పరిశోధనలో ఆ మాటకు అర్థం అది కాదు. నిజానికి ఏ తేడా లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా, లేదా ఇంతకంటే ఎక్కువ, కనబడే అవకాశం సాధారణంగా నూటికి ఐదు కంటే తక్కువని తేలితే ఆ మాట వాడతారు. ఆ తేడా చాలా చిన్నది, దేనికీ పనికిరానిది కూడా కావచ్చు. అలాగే 'నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్' అనగానే మన పిల్లలు శిక్ష అని రాస్తారు. కాదు. కారులో సీటు బెల్టు పెట్టుకునేదాకా బీప్ బీప్‌మని కూస్తుంది, పెట్టుకోగానే ఆగుతుంది. ఆ గోల ఆగిపోవడం వల్ల బెల్టు పెట్టుకునే అలవాటు బలపడింది కదా, అదీ దాని అర్థం. చికాకును తీసేసి అలవాటును పెంచడమన్నమాట. 'కోరిలేషన్' సంగతి మా క్లాసులో మండీ లెక్కతోనే చెబుతాం. జూన్‌లో మండీకి తోతాపురి కాయ దిగుతుంది, అదే జూన్‌లో యూనిఫారం గుడ్డలు అమ్ముడుపోతాయి. మామిడికాయలే యూనిఫారాలు అమ్మించాయని ఎవరూ అనరు. రెండూ కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి ఇంకొకదానికి కారణం కాదు. ఇది ఒకసారి నవ్వుకుంటూ విన్న పిల్లలు మళ్ళీ మరిచిపోలేదు.

ఇక ఆ అమ్మాయి విచారణకు కారణమైన సంగతి. ఎవరి మాట ఎవరిదో చెప్పడం. దీన్ని మన పిల్లలకు కొత్తగా నేర్పాలని మొదట అనుకున్నాం. నిజానికి మన ఇంట్లో ఉన్నదే. హదీసు చెప్పేటప్పుడు ఫలానా వారు ఫలానా వారి నుంచి విన్నారని ఇస్నాద్ చెబుతాం. గొలుసు తెగితే ఆ మాట బలం తగ్గుతుంది. సైకాలజీ వ్యాసంలో రచయిత ఇంటిపేరు, సంవత్సరం వేయడం కూడా ఆ జాగ్రత్త లాంటిదే. ఈ పద్ధతిని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 1929లో ఏడు పేజీల వ్యాసంగా మొదలుపెట్టింది, ఇప్పుడది పెద్ద పుస్తకమై 2019లో ఏడో కూర్పు వచ్చింది. కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అన్నది పుస్తకం చూసి చేసుకోవచ్చు. అసలు విషయం గొలుసు తెగకుండా చూడడం.

ఇంటిపేరు అన్నాం కాబట్టి ఒక ఉప సంగతి. మన పిల్లల్లో సగం మంది షేక్‌లు, మిగతా సగం సయ్యద్‌లూ పఠాన్‌లూ. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే తర్వాత ప్రతి కాగితం దగ్గరా తలనొప్పే. పాస్‌పోర్టుకు పెట్టే ముందే సరిచేయించుకోమని తల్లిదండ్రులకు మనవి.

తెలుగులోనూ ఒక మంచి వసతి ఉంది. మన అవ్వలు చూడని విషయం చెప్పేటప్పుడు చివర 'అట' తగిలిస్తారు. వచ్చాడు వేరు, వచ్చాడట వేరు. పరిశోధన రాసే ఇంగ్లీషులో 'సజెస్ట్స్', 'మే', 'అపియర్స్ టు' లాంటి మాటలు ఇంచుమించు ఈ పనే చేస్తాయి. మన పిల్లలు వీటిని పిరికిమాటలనుకుని తీసేసి 'ప్రూవ్స్' అని రాస్తారు. ముప్పై మందిని అడిగి తెలుసుకున్న సంగతి లోకమంతటికీ రుజువైందని రాస్తే ఏ మాస్టారైనా ఎర్ర గీత పెడతాడు. ఎంత తెలిస్తే అంతే చెప్పాలి.

కంఠస్థం చేయడాన్ని మేము తక్కువ చేయడం లేదు. హిఫ్జ్ చేసే పిల్లలను చూడండి. ఈరోజు కొత్త సబక్, మొన్నటి పాఠాల సబ్కీ, పాత పారాల మంజిల్, ఇవి రోజూ ఉస్తాద్ ముందు చూడకుండా అప్పజెప్పాలి. జ్ఞాపకం మీద సైకాలజీ చేసిన పరిశోధనలు సరిగ్గా ఈ పద్ధతినే సమర్థిస్తున్నాయి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఉంది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత లెక్క తారుమారైంది. వాళ్ళకు 42 శాతం గుర్తుంటే, మూసి రాసినవాళ్ళకు 56 శాతం గుర్తుంది. పరీక్ష ముందు రాత్రి పుస్తకాన్ని పదిసార్లు తిరగేసే మన కాలేజీ పిల్లల కన్నా మదర్సాలో పదేళ్ళ పిల్లవాడు ఈ విషయంలో నయం.

తేడా ఒక్కటే. ఖురాన్‌లో ఒక్క అక్షరం మారకూడదు. వ్యాసంలో మాట మారాలి, భావం మారకూడదు. ఈ రెండు పనులకూ రెండు వేర్వేరు మర్యాదలున్నాయని పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పరు. మేమూ చెప్పలేదు. ఇప్పుడు క్లాసులో ఒక పేరా చదివించి, పుస్తకం మూయించి, ఇంటికెళ్ళి అమ్మకు ఉర్దూలో చెప్పినట్టు చెప్పమంటాం. దాన్నే మళ్ళీ ఇంగ్లీషులో రాయమంటాం. మధ్యలో అమ్మ భాష దూరితే పుస్తకం వాక్యం దానంతటదే రాలిపోతుంది. మొదట్లో తప్పులతడకగా వస్తుంది, రానీ. ఇప్పుడు ఫోన్లే వ్యాసాలు రాసిపెడుతున్నాయి, అది ఇంకో ప్రమాదం. ఆ దారిన పోయినవాళ్ళకూ అదే విచారణ.

చదవడంలోనూ ఒక కిటుకుంది. ఇరవై పేజీల పరిశోధనను నవలలా మొదటి లైను నుంచి మొదలుపెట్టి, డిక్షనరీ తిప్పుకుంటూ నాలుగో పేజీలో నిద్రపోతారు. మేము చెప్పే వరుస వేరు. ముందు సారాంశం. తర్వాత పరిచయం చివర, వాళ్ళు అడిగిన ప్రశ్న అక్కడ ఉంటుంది. ఆ తర్వాత చివరికి పోయి చర్చ చదవాలి. అప్పుడు వెనక్కి వచ్చి, ఎవరిని అడిగారు, ఎంతమందిని, ఎలా అడిగారు అని చూడాలి. ఆ ఎవరిని అన్నదాని దగ్గర మన పిల్లలు ఆగాలని మా కోరిక. ఆ పరిశోధనల్లో చాలావాటిలో జవాబులిచ్చింది అమెరికా, యూరప్ కాలేజీ విద్యార్థులు. అది పలమనేరు తల్లికి ఎంతవరకు వర్తిస్తుందని అడగగలిగితే, అక్కడి మాస్టార్లు ఆ ప్రశ్నను గౌరవిస్తారు. అడగడమే మన పిల్లలకు కష్టం. పెద్దల ముందు నోరెత్తకపోవడం అదబ్ అని నేర్పాం. అక్కడ సెమినార్‌లో నోరెత్తకపోతే చదవలేదనుకుంటారు.

సరే, ఇంత కష్టపడి సైకాలజీయే ఎందుకని మరికొందరు అడుగుతారు. మన ఊరి మీదుగా పోయే బెంగళూరు రోడ్డు చివర నిమ్హాన్స్ ఉంది. మన వీధుల్లో ఏ ఇంట్లో ఎవరు ఆ బస్సు ఎక్కారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదు. ఆ 12 రాష్ట్రాల్లో మనది లేదు, మనకు అంతకన్నా బాగుందని అనుకోవడానికి మాత్రం కారణం కనబడదు. ఇది మనకు కొత్త విద్య అనుకునేవారికి ఒక మాట: వెయ్యేళ్ళ కిందటే అబూ జైద్ అల్ బల్ఖీ శరీరం బాగోగులనూ మనసు బాగోగులనూ ఒకే గ్రంథంలో కలిపి రాశారు.

డాక్టరు దగ్గర మన ఆడవాళ్ళు 'యాంగ్జయిటీ' అనరు. "దిల్ ఘబ్రారా" అంటారు, "నీంద్ నై ఆరీ" అంటారు. ఆ మాట విని అర్థం చేసుకోగలిగినవాళ్ళు ఆ కుర్చీలో కూర్చోవాలంటే, ముందు ఇంగ్లీషు పరిశోధనలన్నీ దాటి రావాలి. వచ్చాక కూడా విదేశీ ఎమ్మెస్సీ చూపించి క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టడానికి వీల్లేదు. 1992 చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి, దానికి వేరే శిక్షణ ఉంది. ఇది తెలియకుండా ఇల్లు తాకట్టు పెట్టి పంపిన కుటుంబాన్ని మేము చూశాం. మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యా రుణాలపై వడ్డీ భరించే 'పఢో పర్‌దేశ్' పథకాన్ని కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది. కాబట్టి ఒక సెమిస్టరు పోతే పోయేది ఆ తండ్రి కష్టార్జితమూ, మీరిచ్చిన సొమ్మూ.

ఆ అమ్మాయి విచారణలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మొదటిసారి కాబట్టి హెచ్చరించి, మళ్ళీ రాసే అవకాశం ఇచ్చారు. అత్తెసరు మార్కులతో ఆ పేపరు గట్టెక్కింది, మిగతావి బాగా రాసింది. ఇప్పుడు నెలకో ఆదివారం ఫోన్‌లో మా పిల్లల పేరాలు దిద్దుతుంది. మాకంటే గట్టిగా దిద్దుతుంది.

క్లాసుల ఖర్చు జకాత్ ఖాతా నుంచి తీయడం లేదు, మామూలు విరాళాల నుంచే. మాస్టార్లు జీతం తీసుకోవడం లేదు. ఖర్చంతా జిరాక్సు కాగితాలు, ఇంటర్నెట్, ఆడపిల్లలు పలమనేరు నుంచి వచ్చిపోయే ఆటో. విదేశాలకు పోయేవాళ్ళే కాదు, తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీకి, మహిళా యూనివర్సిటీకి పోయే తెలుగు మీడియం, ఉర్దూ మీడియం పిల్లలూ కూర్చుంటున్నారు. అక్కడా పుస్తకాలు ఇంగ్లీషువే. ప్రయాణానికి ఏడాది ముందే రావాలన్నది ఒక్కటే షరతు.

ప్రశ్న అడిగిన పెద్దాయనకు కబురు పంపాం, వచ్చి వెనక బెంచీలో కూర్చుని చూడమని. మామిడి సీజను అయ్యాక వస్తానన్నారు. ఆదివారం, జుహర్ నమాజు తర్వాత మూడింటికి, బడి మేడమీది గది. మీరూ రావచ్చు.